వాలిన పైరెప్పకు ఏది మేలు: చుక్కలా, సూదా, కత్తా?

పైరెప్ప బరువుగా వాలడానికి ముఖ్యంగా మూడు కారణాలు. చర్మం సాగి మడత దాటి కిందికి వేలాడటం ఒకటి. రెప్పను పైకి లాగే కండరం పట్టు సడలడం రెండోది, దీన్నే టోసిస్ అంటారు. మూడోది కనుబొమ్మే జారి రెప్ప మీద కూర్చోవడం. అద్దంలో మూడూ దాదాపు ఒకేలా కనిపిస్తాయి, చికిత్స మాత్రం దేనికదే. చర్మం కత్తిరించే ఆపరేషన్‌తో టోసిస్ పోదు. టోసిస్ చుక్కలతో సాగిన చర్మం బిగియదు. అందుకే ఏది మేలు అని అడిగే ముందు ఏది వాలిందో తేల్చుకోవాలి.

ఇంట్లోనే ఒక అంచనాకు రావచ్చు. అద్దం ముందు కూర్చుని కళ్ళు మూసి, నుదురు పూర్తిగా వదులు చేయండి. కనుబొమ్మ పైన వేలితో అదిమి పట్టి మెల్లగా కళ్ళు తెరవండి. ఇలా పట్టుకోకపోతే మనకు తెలియకుండానే నుదురు ముడిచి రెప్పను ఎత్తేస్తాం, అసలు సంగతి దాగిపోతుంది. ఇప్పుడు చూడాల్సింది వేలాడే చర్మాన్ని కాదు, వెంట్రుకలు మొలిచే అంచును. కంటిపాప మధ్య నుంచి ఆ అంచు దాకా మామూలుగా 4 నుంచి 5 మిల్లీమీటర్లుంటుంది. అది 2కు దగ్గరపడితే కండరం సడలినట్టే, పైచూపుకు కూడా అడ్డు వస్తూ ఉంటుంది. అంచు ఉండాల్సిన చోటే ఉండి చర్మం మాత్రం వెంట్రుకల మీద వాలితే సమస్య చర్మానిది. కనుబొమ్మను వేలితో కాస్త పైకెత్తగానే బరువంతా మాయమైతే తప్పు కనుబొమ్మది. వయసు మీద పడ్డవారిలో రెండు మూడు కారణాలు కలిసే ఉంటాయి.

చర్మం ఎక్కువైతే

ఇక్కడ పైరెప్ప బ్లెఫరోప్లాస్టీకి సాటి వచ్చేది లేదు. సహజమైన మడతలోనే కోత పెట్టి, మిగులు చర్మాన్ని, అవసరమైతే కొద్దిగా కొవ్వును తీసి కుట్లు వేస్తారు. ఆ చోటు మాత్రమే మొద్దుబారేలా మత్తు ఇస్తారు. రెండు కళ్ళకూ కలిపి గంట అటూ ఇటూ పడుతుంది. పనితనమంతా గీత గీయడంలోనే ఉంది. రోగిని కూర్చోబెట్టి, మత్తు సూది వేయకముందే గీతలు గీయాలి, మందు ఎక్కాక చర్మం ఉబ్బి కొలత తప్పుతుంది. కనుబొమ్మ కింది అంచు నుంచి వెంట్రుకల దాకా కనీసం 20 మిల్లీమీటర్ల చర్మం మిగలాలన్నది పాత లెక్కే అయినా నేటికీ పనికొస్తుంది. అంతకంటే తక్కువ మిగిలేలా కోస్తే కన్ను పూర్తిగా మూతపడకపోవచ్చు, రాత్రంతా కన్ను ఎండి, ఉదయానికి మంట, గరగర. తక్కువ తీస్తే తర్వాత ఇంకొంచెం తీయొచ్చు, ఎక్కువ తీసింది తిరిగి పెట్టడం కష్టం.

కొవ్వు విషయంలోనూ అంతే. ముక్కు వైపు కొవ్వు తెల్లగా, మధ్యలోది పసుపుగా ఉంటుంది. చెవి వైపు చివర ఉబ్బుగా కనిపించేది చాలాసార్లు కొవ్వు కాదు, కిందికి జారిన కన్నీటి గ్రంథి. దాన్ని కొవ్వనుకుని కోస్తే జీవితాంతం పొడికన్ను మిగలవచ్చు. కొవ్వు పూర్తిగా ఖాళీ చేస్తే కన్ను గుంటపడి వయసు ఇంకా పైబడినట్టు కనిపిస్తుంది.

కుట్లు 5 నుంచి 7 రోజుల్లో తీస్తారు. మొదటి రెండు రోజులు మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి 10, 15 నిమిషాలు చల్లటి కాపడం పెట్టాలి, తల ఎత్తుగా పెట్టుకుని పడుకోవాలి. కమిలిన రంగు దాదాపు రెండు వారాలుంటుంది. అప్పటిదాకా బరువులెత్తడం, వంగి చేసే పనులు, కాంటాక్ట్ లెన్సులు వద్దు. మచ్చ ఎరుపు తగ్గడానికి కొన్ని నెలలు పడుతుంది, కానీ మడతలో ఉంటుంది కాబట్టి కన్ను తెరిస్తే కనబడదు. మొదటి 24 గంటల్లో కన్ను ముందుకు పొడుచుకొచ్చినట్టయి, నొప్పి పెరుగుతూ చూపు మసకబారితే కంటి వెనక రక్తస్రావం అవుతోందేమోనని అనుమానించాలి. ఇది అరుదు, కానీ చూపు పోయేంత ప్రమాదం. తెల్లారాక చూద్దామనుకోకుండా ఆ క్షణమే ఆసుపత్రికి పోవాలి.

కండరం సడలితే

వయసు, ఏళ్ళ తరబడి గట్టి కాంటాక్ట్ లెన్సులు వాడటం, కంటి ఆపరేషన్లు, అదే పనిగా కళ్ళు నలపడం, వీటివల్ల కండరాన్ని రెప్పకు కలిపే పట్టీ జారుతుంది. ఇలాంటి కంట్లో మడత మామూలు కంటే పైకి పోయి, రెప్ప పలచబడి కనిపిస్తుంది.

ఆపరేషన్ వద్దనుకునేవారికి 0.1 శాతం ఆక్సీమెటజోలిన్ చుక్కలున్నాయి. అమెరికాలో 2020లో అనుమతి వచ్చింది. రోజుకోసారి ఒక చుక్క వేస్తే రెప్పలో ఉండే ముల్లర్ కండరం బిగిసి రెప్ప సగటున ఒక మిల్లీమీటరు లేస్తుంది. కొన్ని గంటలయ్యాక మళ్ళీ మామూలే. ఫంక్షన్ రోజునో ఫోటోల రోజునో సరిపోతుంది, 3 మిల్లీమీటర్లు వాలిన రెప్పకు మాత్రం చాలదు. కాంటాక్ట్ లెన్సులు తీసి చుక్క వేసుకుని, 15 నిమిషాలాగి లెన్సులు మళ్ళీ పెట్టుకోవాలి. అదుపులో లేని బీపీ, గుండె జబ్బు, ఒక రకం గ్లాకోమా ఉన్నవారు డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. ఇదే పేరుతో ముక్కులో వేసే మందు కూడా దొరుకుతుంది, దాన్ని పొరపాటున కూడా కంట్లో వేయకూడదు.

శాశ్వతంగా కావాలంటే ఆపరేషనే. ఏ పద్ధతి అన్నది కండరంలో ఎంత సత్తువ మిగిలిందో చూసి నిర్ణయిస్తారు. కనుబొమ్మను కదలనివ్వకుండా పట్టుకుని, కిందికి చూసి పైకి చూస్తే రెప్ప ఎంత కదిలిందో స్కేలు పెట్టి కొలుస్తారు. 12 మిల్లీమీటర్లు దాటితే బాగున్నట్టు. 4 లోపు ఉంటే కండరాన్ని బిగించినా పెద్దగా లాభం లేదు, రెప్పను నుదుటి కండరానికి సిలికాన్ దారంతోనో తొడ నుంచి తీసిన పట్టీతోనో కట్టాలి. సత్తువ బాగుండి వాలు కొద్దిపాటిదే అయితే ముల్లర్ కండరాన్ని కాసేపు బిగించే ఫినైలెఫ్రిన్ చుక్క వేసి కొన్ని నిమిషాలాగి చూస్తారు. రెప్ప చక్కగా లేస్తే లోపలి వైపు నుంచే ముల్లర్ కండరాన్ని కుదించవచ్చు, బయట కోతే ఉండదు. లేవకపోతే మడతలో కోసి పట్టీని మళ్ళీ బిగిస్తారు. ఈ రెండో రకంలో రోగి మెలకువగా ఉండి, చెప్పినప్పుడల్లా కళ్ళు తెరవాలి, అది చూసే కుట్టు బిగువు సరిచేస్తారు. ఎంత సరిచూసినా అర మిల్లీమీటరు, ఒక మిల్లీమీటరు తేడా రావచ్చు, మళ్ళీ సరిచేయాల్సి రావడం ఈ ఆపరేషన్‌లో వింతేమీ కాదు. ఇంకో మెలిక ఉంది: ఒక రెప్పను ఎత్తగానే, అప్పటిదాకా బాగున్న రెండో రెప్ప కిందికి దిగవచ్చు. రెండు రెప్పలకూ మెదడు ఒకే ఆదేశం పంపుతుంది, ఎత్తే అవసరం తగ్గేసరికి రెండోదానికీ బలం తగ్గుతుంది. వాలిన రెప్పను వేలితో ఎత్తి పట్టుకుని రెండోదాన్ని గమనిస్తే ఇది ముందే తెలుస్తుంది. ఈ పరీక్ష చేయకుండానే ఒక కంటికి తేదీ ఇచ్చే చోట ఆగి ఆలోచించాలి.

కనుబొమ్మ జారితే

కనుబొమ్మ తోకను కిందికి లాగే కండరంలో బొటాక్స్ (కండరాన్ని కొంతకాలం సడలించే సూదిమందు) వేస్తే 1, 2 మిల్లీమీటర్లు లేస్తుంది. పూర్తి ఫలితం రెండు వారాలకు కనిపిస్తుంది, మూడు నాలుగు నెలలుంటుంది. ఇదే బొటాక్స్ నుదుటి ముడతలకని ధారాళంగా వేస్తే కథ తిరగబడుతుంది, రెప్పను మోస్తున్న నుదుటి కండరమే నిద్రపోయి కళ్ళు ఇంకా బరువెక్కుతాయి. మందు పక్కకు పాకి రెప్ప ఎత్తే కండరానికి తగిలినా రెప్ప వాలుతుంది. కొన్ని వారాల్లో అదే సర్దుకుంటుంది. బాగా జారిన కనుబొమ్మకు దాన్ని పైకెత్తే బ్రో లిఫ్ట్ ఆపరేషనే దారి. కనుబొమ్మను వదిలేసి రెప్ప చర్మం మాత్రం తీస్తే, చూపుకు అడ్డు తొలగింది కదా అని నుదురు విశ్రాంతి తీసుకుంటుంది, కనుబొమ్మ ఇంకా దిగుతుంది. ఆపరేషన్ చేయించుకున్నా మారలేదనే ఫిర్యాదు వెనక ఎక్కువగా ఉండేది ఇదే.

మెషిన్ల మాట

అల్ట్రాసౌండ్, రేడియో ఫ్రీక్వెన్సీ కాస్త బిగువు ఇస్తాయి, అంతే. కొద్దిగా సాగిన చర్మానికి పరవాలేదు, మడత దాటి వేలాడేదానికి దండగ. కార్బన్ డయాక్సైడ్ లేజర్ ముడతల మీద బాగా పనిచేస్తుంది, కానీ కంటి మీద లోహపు కవచం పెట్టకుండా రెప్ప దగ్గర వాడకూడదు. లేజరైనా, చర్మాన్ని చుక్కలు చుక్కలుగా కాల్చి బిగించే ప్లాస్మా పెన్నైనా చామనఛాయ, నల్లటి చర్మం మీద నెలల తరబడి నల్లమచ్చలు మిగల్చవచ్చు. ప్లాస్మా పెన్‌ను రెప్పల మీద మేమైతే సిఫారసు చేయం. క్రీములు ఉదయపు వాపును కాసేపు తగ్గిస్తాయేమో గాని సాగిన చర్మాన్ని ఎత్తలేవు. రెప్ప టేపు మాత్రం చవకైన మంచి సాధనం, మడత పైకి వస్తే ముఖం ఎలా ఉంటుందో ముందే చూపిస్తుంది.

తొందరపడకూడని కేసులు

రెప్ప ఉన్నట్టుండి వాలి, కంటిపాప రెండో దానికంటే పెద్దగానో చిన్నగానో మారినా, ఒకటి రెండుగా కనిపించినా, తీవ్రమైన తలనొప్పి, మెడనొప్పి ఉన్నా అది అందానికి సంబంధించింది కాదు, ఎమర్జెన్సీ. ఉదయం బాగుండి సాయంత్రానికి వాలుతుంటే మయస్థీనియా (కండరాలు త్వరగా అలిసిపోయే జబ్బు) ఉందేమో చూడాలి. మూసిన రెప్ప మీద రెండు నిమిషాలు ఐస్ పెడితే 2 మిల్లీమీటర్లు లేచిందంటే అనుమానం బలపడుతుంది, అప్పుడు న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాలి. థైరాయిడ్ వల్ల కళ్ళు ఉబ్బినవారు జబ్బు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాకే రెప్పల జోలికి రావాలి. లేసిక్ చేయించుకున్నవారు కూడా నెలల వ్యవధి ఇచ్చి, ముందు పొడికన్ను పరీక్ష చేయించుకోవాలి. ఆస్పిరిన్ వంటి రక్తం పలచబరిచే మందులను ఆపాలా వద్దా అన్నది అవి రాసిన డాక్టరే చెప్పాలి, రెప్ప కోసమని సొంతంగా ఆపేయకూడదు.