నల్ మూవ్ ప్రూనింగ్, లేట్ మూవ్ రిడక్షన్: చదరంగ ప్రోగ్రాముకు ఏది మేలు?

చదరంగ ప్రోగ్రాము రాసేవారు ముందుగా అమర్చుకునేది ఆల్ఫా-బీటా వెతుకులాట, అంటే ఫలితాన్ని మార్చలేని ఎత్తుల కొమ్మలను చూడకుండా వదిలేసే పద్ధతి. ఒక్కో స్థితిలో 35 ఎత్తులు ఉంటాయనుకుంటే, ఇరుపక్షాలవీ కలిపి 8 ఎత్తుల లోతు వరకు అన్నింటినీ చూడడానికి దాదాపు 2.25 లక్షల కోట్ల స్థితులను లెక్కించాలి. మేలైన ఎత్తు ప్రతిచోటా ముందుగా వస్తే ఆల్ఫా-బీటా అదే పనిని సుమారు 30 లక్షలతో ముగిస్తుంది. పైగా మినీమాక్స్ (ఇరుపక్షాలూ తమకు మేలైన ఎత్తే ఆడతాయనుకుని అన్నింటినీ చూసే పద్ధతి) ఇచ్చే జవాబునే ఇస్తుంది. అంతకు మించిన లోతు కావాలంటే పొరపాటు జరిగే అవకాశాన్ని కొంత ఒప్పుకోవాలి. నల్ మూవ్ ప్రూనింగ్, లేట్ మూవ్ రిడక్షన్ అలాంటి పద్ధతులే.

నల్ మూవ్‌లో మన వంతును వదిలేసి, ప్రత్యర్థి చేత ఆడించి చూస్తాం. మామూలు కన్నా రెండు మూడు ఎత్తులు తక్కువ లోతులో వెతికినా మన స్కోరు బీటాకు (ప్రత్యర్థి మనకు దక్కనిచ్చే గరిష్ఠ స్కోరుకు) తగ్గకపోతే, ఆ కొమ్మను అక్కడే కత్తిరిస్తాం. కొద్ది వరుసల కోడ్‌తోనే ఎంతో సమయం మిగులుతుంది. అయితే వంతు వదలడం కన్నా మంచి ఎత్తు ఏదో ఒకటి ఉంటుందన్న నమ్మకం మీదే ఇదంతా నిలబడింది. తెల్ల రాజు e5 గడిలో, తెల్ల బంటు e4లో, నల్ల రాజు e7లో ఉన్న స్థితిని చూడండి. తెలుపు ఆడాల్సివస్తే ఆట డ్రా. నలుపు ఆడాల్సివస్తే రాజు పక్కకు తప్పుకోక తప్పదు, బంటు మంత్రి అయిపోతుంది. ఇక్కడ నలుపు వంతు వదిలితే ఏమవుతుందని అడిగిన ప్రోగ్రాము, ఓడిపోయే స్థితిని డ్రాగా లెక్కగడుతుంది. అందుకే రాజు, బంట్లు తప్ప వేరే పావులు లేని పక్షానికి, రాజుకు చెక్ పడిన పక్షానికి నల్ మూవ్‌ను ఆపేస్తారు.

లేట్ మూవ్ రిడక్షన్ ఏ ఎత్తునూ పూర్తిగా కొట్టిపారేయదు. జాబితాలో వెనకబడిన, పావును చంపని ఎత్తులను తక్కువ లోతులో చూస్తుంది. వాటిలో ఏదైనా ఆల్ఫాను (అప్పటిదాకా మనకు ఖాయమైన స్కోరును) దాటితే పూర్తి లోతులో మళ్లీ వెతుకుతుంది. తన పొరపాటును తానే దిద్దుకునే ఈ అవకాశం ఉన్నందువల్ల నేను దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. కానీ ఎత్తుల వరుస సరిగా లేకపోతే గెలిపించే ఎత్తే వెనకబడి, తక్కువ లోతులో దాని బలం బయటపడక మరుగున పడిపోతుంది.

పేరొందిన చదరంగ ప్రోగ్రాము స్టాక్‌ఫిష్ రెండింటినీ వాడుతుంది. కొత్తగా రాసేవారు మాత్రం నల్ మూవ్‌తో మొదలుపెట్టి, కిల్లర్, హిస్టరీ పట్టికలతో (ఇంతకుముందు కొమ్మలను కత్తిరించిన ఎత్తులను గుర్తుంచుకునేవాటితో) వరుసను చక్కదిద్దుకున్నాకే రిడక్షన్ చేర్చడం మంచిది. అదీ మొదట ఒక్క ఎత్తు లోతు మాత్రమే తగ్గించి, పాత రూపంతో సమాన సమయానికి ఆటలు ఆడించి చూసిన తర్వాతే పెంచాలి.