ఆక్టేవియా ఆర్‌ఎస్‌లో 108 ఎంఎం యాక్సిల్స్: బాగా వాడాక

పాత స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్ మన రోడ్ల మీదికి 150 పీఎస్ పవర్, 210 ఎన్‌ఎం టార్క్ (తిప్పే బలం)తో వచ్చిన బండి. రీమ్యాప్ (ఇంజను కంప్యూటర్ సెట్టింగు మార్చడం), పెద్ద డౌన్‌పైప్ (టర్బో కింది పొగ గొట్టం) పడ్డాక టార్క్ 290 దగ్గరికి పోతుంది. మొదటి గేరూ ఫైనల్ డ్రైవూ కలిసి దాన్ని సుమారు పదమూడు రెట్లు చేస్తాయి కాబట్టి, ఒక్కో యాక్సిల్ (గేర్‌బాక్స్ నుంచి ముందు చక్రాన్ని తిప్పే షాఫ్ట్, రెండు కొసలా జాయింట్లతో) మీద పడే టార్క్ 1,400 నుంచి 1,900 ఎన్‌ఎం దాకా ఎక్కుతుంది. ఈ లెక్క చూసి అందరూ షాఫ్ట్ గురించే భయపడతారు. షాఫ్ట్ అన్నిటికంటే చివర పోయేది. ముందు జాయింటు మీది రబ్బరు బూటు చిరుగుతుంది, యాక్సిల్‌ని గేర్‌బాక్స్‌కి పట్టే బోల్టులు వదులవుతాయి, తర్వాత వీల్ వైపు జాయింటు వంతు.

ఈ బండిలో ఉన్నది 02జె ఐదు గేర్ల బాక్స్. దానికి మొదట ఉన్నవి 100 ఎంఎం అడ్డుకొలత జాయింట్లు, వైపుకి ఆరేసి ఎం8 (8 ఎంఎం లావు) బోల్టులు. వాటిని తీసేసి 108 ఎంఎం ఫ్లాంజ్‌లు (గేర్‌బాక్స్ మీద జాయింటు బిగించే చట్రాలు), ఎం10 బోల్టులతో వచ్చే యాక్సిల్స్ వేశాం. గోల్ఫ్ వీఆర్6లో వాడిన సైజు ఇది. విజయవాడ ఆటోనగర్ పాత సామాన్ల కొట్లలో దొరికే సరుకు కాదు, బయటి నుంచి తెప్పించుకోవాల్సిందే. కొనేముందు మూడు సరిచూసుకోండి: వీల్ వైపు స్ప్లైన్ (షాఫ్ట్ కొసన చెక్కిన నిలువు పళ్ళు) లెక్క, షాఫ్ట్ పొడవు, జాయింటు మీద ఏబీఎస్ పళ్ళ రింగ్ ఉందో లేదో. బేరమాడేటప్పుడు ఈ మూడోది ఎవరికీ గుర్తుకురాదు. అన్నీ బిగించాక మీటర్‌లో ఏబీఎస్ లైటే గుర్తుచేస్తుంది.

ఆటోనగర్‌లో ఇంకో దారి కూడా ఉంది. ఈఎన్24 రాడ్ తెచ్చి లేత్ మీద షాఫ్ట్ తిప్పించి, స్ప్లైన్ కోయించి, పాత జాయింట్లే దానికి ఎక్కించడం. ఈఎన్24 మంచి స్టీలే, బయటివాళ్ళు 4340 అనేది దీన్నే. అసలు పని హీట్ ట్రీట్‌మెంట్‌లో ఉంది. ఊరికే నిప్పులో ఎర్రగా కాల్చి నూనెలో ముంచి ఇచ్చేస్తే పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల పెళుసు. టెంపరింగ్ (పెళుసు పోయేలా మళ్ళీ తక్కువ వేడిమీద కాల్చడం) చేసి, గట్టితనం 40 హెచ్‌ఆర్‌సీ అటూ ఇటూ ఉందని కొలిచి ఇచ్చే చోటే చేయించాలి. స్ప్లైన్ అయిపోయే చోట, సర్క్లిప్ (జారకుండా పట్టే స్ప్రింగు రింగ్) గాడి అంచున మూల పదునుగా వదిలేస్తే పగులు అక్కడే మొదలవుతుంది, కాబట్టి రేడియస్ ఇచ్చి గుండ్రంగా తీయమని గట్టిగా చెప్పండి. షాఫ్ట్ పొడవునా తెల్ల పెయింటుతో నిలువు గీత ఒకటి గీసి పెట్టుకుంటే చాలా మేలు. కొన్నాళ్ళకి ఆ గీత మెలి తిరిగినట్టు కనిపిస్తే ఇనుము లొంగిపోయిందన్నమాట. అది ఇక వాడకూడదు.

మాకు ఈ దారి నచ్చలేదు. డబ్బు షాఫ్ట్‌కి పోతుంది, బలహీనమైన ఎం8 బోల్టులు మాత్రం అలాగే ఉండిపోతాయి.

ఫ్లాంజ్‌లు మార్చడం కష్టమేం కాదు. ఫ్లాంజ్ నడిమి బోల్టు విప్పితే అది బయటికొస్తుంది, వెంట గేర్ ఆయిల్ కొంచెం కారుతుంది. ఎలాగూ ఊడదీశారు కనక ఆయిల్ సీల్స్ కొత్తవి వేసి, ఆయిల్ కూడా మార్చేయండి. సుమారు రెండు లీటర్లు, 75డబ్ల్యూ90, జీఎల్4 మాత్రమే. కొట్టువాళ్ళు జీఎల్5 చేతిలో పెడతారు, గేరు సాఫీగా పడేలా చేసే సింక్రో రింగులకి అది మంచిది కాదు. ఎం8 బోల్టులకు 40 ఎన్‌ఎం, ఎం10కి 70 దాకా బిగింపు. వీటి తలకి పన్నెండు కోణాల స్ప్లైన్ బిట్ కావాలి. అలెన్ కీ దూర్చి తిప్పితే తల గుండ్రమవుతుంది. బోల్టు గుంటలో చేరిన మట్టిని సూదిలాంటిదానితో గీకి, బిట్‌ని సుత్తితో అడుగుదాకా దింపాకే తిప్పాలి.

యాక్సిల్ నట్‌కీ పన్నెండు కోణాలే. బండిని బట్టి 30 గానీ 36 గానీ సాకెట్ పడుతుంది. ప్రతిసారీ కొత్త నట్ వేయాలి. ఈ నట్ వదులుగా ఉండగా బండిని చక్రాల మీదికి దింపి దొర్లించకండి, వీల్ బేరింగ్ పాడైపోతుంది. షెడ్డులో బండిని పక్కకి తోయించే అలవాటు వల్ల పోయిన బేరింగ్‌కి పాపం కొత్త యాక్సిల్ నిందపడుతుంది.

గ్రీజు జాయింటుకి వంద గ్రాములకు అటూ ఇటూ. అందులో సగాన్ని జాయింటు బంతుల మధ్యకి పోయేలా నొక్కి, మిగతాది బూటులో పెట్టాలి. నల్లగా ఉండే మోలీ గ్రీజే వాడాలి, చక్రం బేరింగ్‌కి పూసేది పనికిరాదు. గేర్‌బాక్స్ వైపు బంతుల జాయింటు విప్పి మళ్ళీ కూర్చేటప్పుడు బయటి రింగ్‌లో గాడుల మధ్య వెడల్పైన భాగం లోపలి హబ్‌లో ఇరుకు భాగానికి ఎదురుగా రావాలి. తప్పితే జాయింటు కదలదు. సుత్తితో కొడితే బంతుల్ని పట్టి ఉంచే కేజ్ పగులుతుంది.

వాడకంలో తేడా ఏమిటంటే, బోల్టులు మళ్ళీ వదులవలేదు. ఎం8లతో ఉన్నప్పుడు కాళ్ళ కింద సన్నటి టకటక మొదలయ్యేది, వంగి చూస్తే ఒకట్రెండు బోల్టులు చేత్తో తిరిగేవి. హైవేలో గుంటూరు వైపు వెళ్తూ మూడో గేరులో పూర్తిగా తొక్కితే వచ్చే వణుకు కూడా పోయింది. అది గేర్‌బాక్స్ వైపు జాయింటు అరిగినందుకు వచ్చేదే. బెంజ్ సర్కిల్ దగ్గర స్టీరింగ్ పూర్తిగా తిప్పి గ్యాస్ ఇస్తే కటకట రావడం మాత్రం వీల్ వైపు జాయింటు లక్షణం, దానికి 108తో సంబంధం లేదు. టార్క్ స్టీర్ (గట్టిగా తొక్కితే స్టీరింగ్ ఒక పక్కకి లాగడం) తగ్గలేదు, తగ్గుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. రెండు యాక్సిల్స్ పొడవులు వేరుగా ఉన్నంత కాలం అది ఉంటుంది.

పొడుగు యాక్సిల్ డ్రైవర్ వైపుది. స్ప్రింగులు బాగా కిందికి దింపిన బండిలో అది చాసిస్ పట్టీకి రాసుకుంటుంది. దింపిన బండి అయితే షాఫ్ట్ నడుమ మెరిసే గీత పడిందేమో చూడండి.

డ్రైవర్ వైపు గేర్‌బాక్స్ జాయింటు మీద రేకు కవచం ఒకటి ఉంటుంది. టర్బో కింది పైపు పక్కనే ఉండటంతో ఆ వేడి తగలకుండా కంపెనీ పెట్టింది. కొత్త డౌన్‌పైప్ అడ్డం వస్తోందని చాలామంది దాన్ని పీకి మూలన పడేస్తారు. మే నెలలో విజయవాడ ఎండకి ఆ వేడి తోడైతే గ్రీజు నీళ్ళలా పల్చబడి మూత సందుల్లోంచి కారిపోతుంది. రేకు పట్టకపోతే కొంచెం వంచి అయినా తిరిగి పెట్టించుకోండి. కొత్త యాక్సిల్ కంటే దానివల్ల వచ్చే ఆయుష్షే ఎక్కువ.

ఓపెన్ డిఫరెన్షియల్ (రెండు చక్రాలకీ టార్క్ పంచే మామూలు గేర్ల సెట్టు) ఉన్నంతకాలం పట్టు తక్కువున్న చక్రమే టార్క్‌కి హద్దు పెడుతుంది, యాక్సిల్స్‌కి అదో కాపలా. ఎల్‌ఎస్‌డీ (ఒక చక్రం జారినా రెండోదానికి టార్క్ పంపే డిఫరెన్షియల్) వేసి, మెత్తటి వెడల్పు టైర్లు కూడా తొడిగితే ఆ కాపలా పోయి ఒకే షాఫ్ట్ మీద మొత్తం పడొచ్చు. అప్పుడు 108 కూడా చాలదు, గట్టి షాఫ్ట్ లెక్క అక్కడ మొదలవుతుంది. రీమ్యాప్ దగ్గరే ఆగేవాళ్ళకి ఇది సరిపోతుంది. మామూలు ఇంజను ఉన్నవాళ్ళు 100 ఎంఎంలోనే మంచి జాయింట్లు, కొత్త బోల్టులు వేసుకుంటే చాలు.

2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళలో మునిగిన బండి కొంటుంటే బూటు పైకి బాగున్నా బ్యాండ్ విప్పి చూడండి. గ్రీజు టీ పొడి రంగులో, వేళ్ళ మధ్య గరగరలాడితే లోపల ఇసుక చేరినట్టే. కడిగి కొత్త గ్రీజు పెట్టినా ఆ జాయింటు నిలవదు. దాని ధర బేరంలోనే తగ్గించుకోండి.