బన్‌హిల్ ఫీల్డ్స్, లండన్: కాస్త చదువుకుని వెళ్తేనే చూసినట్టు

ఓల్డ్ స్ట్రీట్ స్టేషన్‌లో దిగి సిటీ రోడ్డు మీద దక్షిణం వైపు నాలుగడుగులు వేస్తే కుడిచేతి పక్క ఈ సమాధుల తోట. టికెట్ లేదు. చలికాలంలో త్వరగా మూసేస్తారు, పొద్దున్నే వెళ్లడం మేలు.

ఈ నేలను ఇంగ్లండు అధికార చర్చి బిషప్పు ఎవరూ ప్రతిష్ఠించలేదు. దీని విలువంతా అందులోనే ఉంది. 1662 చట్టం ఇంగ్లండు అంతటికీ ఒకే ప్రార్థన పుస్తకం, ఆ అధికార చర్చిదే, అంది. కాదన్న బోధకులు సుమారు 2,000 మంది కొలువులు పోగొట్టుకున్నారు. 1664 చట్టంతో ఇంటివాళ్లు కాక ఐదుగురు, అంతకు మించి చేరి వేరే పద్ధతిలో ఆరాధిస్తే శిక్ష. భూస్థాపనలోనైనా ఆ పుస్తకం చదివించుకోకుండా ఉండాలనుకున్న ప్రొటెస్టెంట్లకు ఇదే దిక్కయింది. 1854 దాకా లక్షకు పైగా దేహాలు ఇక్కడికే వచ్చాయి. రాళ్ల మీద మాత్రం ఈ గొడవంతా కనబడదు, పేర్లూ తేదీలే.

ఎక్కువసేపు నిలబడాల్సింది జాన్ బన్యన్ దగ్గర. అనుమతి లేకుండా బోధించాడని 1660 నుంచి 12 ఏళ్లు బెడ్‌ఫర్డ్ జైల్లో పెట్టారు. ఆయన రాసిన ‘యాత్రికుని ప్రయాణము’ చదివిన తెలుగువాళ్లు సమాధి పక్క పలకలను ఇట్టే పోల్చుకుంటారు: ఒకదాని మీద వీపున మూటతో వంగిపోయిన యాత్రికుడు, రెండోదాని మీద సిలువ దగ్గర జారిపోతున్న ఆ మూట. పైన పడుకున్న విగ్రహం పాతదనుకునేరు, అది 1862 నాటిది. బన్యన్ 1688లో పోయాడు, వేరే పద్ధతిలో ఆరాధించుకోనిచ్చిన సహన చట్టం 1689లో వచ్చింది. అదైనా అరకొరే. కాథలిక్కులకు, త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్న నమ్మకాన్ని) ఒప్పుకోనివాళ్లకు వర్తించలేదు. మిగతావాళ్లు ఆరాధన స్థలాన్ని నమోదు చేయించుకోవాలి, కూడిక జరిగేటప్పుడు తలుపు గడియ వేయకూడదు.

ఎదురుగా నిలువు స్తంభం ‘రాబిన్సన్ క్రూసో’ రాసిన డేనియల్ డెఫోది. అధికార చర్చిలో చేరని ఇలాంటి అసమ్మతివాదులను ఏరిపారేయాలని ఎద్దేవాగా రాస్తే, కొందరు నిజమేననుకుని మెచ్చుకున్నారట! సంగతి బయటపడ్డాక 1703లో మూడు రోజులు నలుగురి ఎదుట, మెడా చేతులూ బిగించే బొండకొయ్యలో నిలబెట్టారు.

చాలామంది పొరబడేది కవి, చిత్రకారుడు విలియం బ్లేక్ దగ్గర. డెఫో పక్కనున్న పాత రాయి ‘ఈ దగ్గర్లో’ అని మాత్రమే చెబుతుంది. అసలు చోట 2018లో పెట్టిన కొత్త రాయి పచ్చికలో ఉంది, కొంచెం నడవాలి. తక్కిన సమాధులు చాలావరకు కమ్మీల వెనకే, పేర్లు దూరం నుంచే చదువుకోవాలి.

క్వేకర్లనే మరో అసమ్మతి క్రైస్తవ శాఖను మొదలుపెట్టిన జార్జ్ ఫాక్స్ కోసం ఇక్కడ వెతక్కండి. ఆయన బన్‌హిల్ రో దాటాక వేరే చిన్న తోటలో ఉన్నాడు.