చేతికాగితం మీద తంగేడు పువ్వు

కాగితం కొనే ముందు ఒక చిన్న తుంపు అడిగి తీసుకుని నాలుకతో తడిపి చూడడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు. మా నాన్న నేర్పింది. ఆయన కాగజ్‌నగర్‌లో సిర్పూర్ పేపర్ మిల్లు ల్యాబులో ముప్పై ఏళ్లు పనిచేశాడు. తడి చటుక్కున ఇంకిపోతే ఆ కాగితం సిరాను తాగేస్తుందని లెక్క. మెరుస్తూ పైనే నిలిచిందంటే రాతకు పనికొస్తుందని లెక్క. శ్రావణంలో వరంగల్ బట్టల బజార్ దగ్గర ఒక స్టేషనరీ దుకాణంలో చేతికాగితం షీట్లు కనిపిస్తే అదే చేశాను. తడి అలాగే నిలిచింది. సంబరంగా పది షీట్లు తెచ్చుకున్నాను, ఒక్కోటి 80 రూపాయలు. ఇంటికొచ్చి ఆల్కహాల్ మార్కర్, అంటే స్పిరిటులో కరిగిన రంగుండే పెన్ను, ఆనించగానే కందిగింజంత చుక్క చూస్తుండగానే రూపాయి బిళ్లంత అయింది. వెనక్కి తిప్పితే అక్కడా అంతే.

ఈ కాగితం గురించి, హనుమకొండలో చేయించిన రబ్బరు ముద్ర గురించి, ఆన్‌లైన్‌లో తెప్పించిన మార్కర్ల గురించి నాకు తెలిసింది రాస్తున్నాను. మూడూ ఒకే పని కోసం కొన్నవి. పెత్రమాస నాడు ఎంగిలిపూల బతుకమ్మకు మా కిషన్‌పుర గల్లీలో నలభై ఇళ్ల ఆడవాళ్లకు చేత్తో చేసిన కార్డు ఇచ్చి పిలవాలని నా కోరిక. కార్డు మీద తంగేడు పువ్వు ఉండాలి.

ముందు కాగితం. ఇది 22 అంగుళాల వెడల్పు, 30 అంగుళాల పొడవు, 200 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 200 గ్రాముల బరువు. బనియన్లు కుట్టే దగ్గర మిగిలే నూలు గుడ్డ పీలికలను ముక్కలు చేసి, నీళ్లలో మెత్తటి గుజ్జయ్యే దాకా దంచి, జల్లెడ లాంటి చట్రంతో ఒక్కో షీటునూ ఎత్తి తీస్తారు. జైపూర్ పక్కన సాంగనేర్‌లో ఎన్నో తరాలుగా చేస్తున్న పని ఇది. చెట్టు కొట్టే అవసరం లేదు. షీటు నాలుగు అంచులూ చిరిగీ చిరగనట్టు మెత్తగా ఉంటాయి, ఆ అంచే దీని అందం. మర కాగితంలో పీచంతా ఒకే దిక్కుకు పడుకుంటుంది, అందుకే ఒక వైపు మడత సాఫీగా, రెండో వైపు పగిలినట్టు వస్తుంది. చేతికాగితంలో పీచు అన్ని దిక్కులకూ ఉంటుంది. ఎటు మడిచినా ఒకేలా మడుస్తుంది. కార్డులు చేసేవాళ్లకు ఇది చాలా పెద్ద సుఖం.

ఒక షీటుకు ఏడంగుళాల వెడల్పు, పదంగుళాల పొడవున్న ముక్కలు తొమ్మిది వస్తాయి. కత్తెర వాడొద్దు. స్కేలు పెట్టి, దాని వెంట తడి బ్రష్‌తో ఒక గీత లాగి, అర నిమిషం ఆగి మెల్లగా లాగితే అంచు అచ్చం చట్రంలోంచి తీసినట్టే చినుగుతుంది. పది షీట్లలో రెండు మిగతా వాటికంటే పలుచన. ఇంకొక దానిలో నీలం దారం పోగు ఉండిపోయింది. దారం ఉన్నదాన్ని నేను లోపంగా చూడలేదు, ఆ ముక్క ఎవరికివ్వాలో ముందే అనుకుని పక్కన పెట్టాను. పలుచని రెండింటికీ మాత్రం పూర్తి ధర తీసుకోకూడదు. కొనేటప్పుడు ఒక్కో షీటునూ వెలుతురుకు పట్టి చూసుకోండి.

ఇక ముద్ర. దీని గురించి ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. హనుమకొండ చౌరస్తా దగ్గర ఒక సందులో చిన్న దుకాణం. బోర్డు మీద పేరు లేదు, రబ్బరు స్టాంపులు అని మాత్రం ఉంది. ఆఫీసు ముద్రలు, సర్పంచుల ముద్రలు, డాక్టర్ల ముద్రలు చేసే చోటు. పెద్దాయనకు డెబ్బై దాటి ఉంటాయి. సీసపు అక్షరాలు పేర్చి, వాటి అచ్చు తీసి, ఆ అచ్చులో పచ్చి రబ్బరు పెట్టి వేడి ప్రెస్సులో ఉడికించిన కాలం ఆయనది. ఆ ప్రెస్సు ఇంకా మూలకే ఉంది, నూనె రాసి పెట్టుకున్నాడు. ఇప్పుడు కొడుకు లేజర్ యంత్రంతో రబ్బరు చెక్కుతాడు. దుకాణమంతా కాలిన రబ్బరు వాసన.

నేను గీసుకెళ్లిన తంగేడు పువ్వులో ఐదు రేకులు, రేకుల మీద సన్నటి ఈనెలు, మధ్యలో వంపు తిరిగిన కేసరాలు ఉన్నాయి. పెద్దాయన కళ్లద్దాలు పైకి నెట్టి చాలాసేపు చూశాడు.

"బిడ్డా, గీత గింత సన్నగుంటే రబ్బరు నిలవది. ఒత్తంగనే పక్కకు ఒరుగుతది. ఈ కేసరాల నడుమ జర సందియ్యి. లేకుంటే ఇంకు నిండి అంత ముద్దయితది."

"గట్లనే చేయండి కాకా. కానీ రేకు అంచు మడతలు మాత్రం పోవద్దు."

"మడతలు పోతే అది తంగేడెట్లయితది!" అన్నాడు.

కేసరాలు తొమ్మిది గీస్తే ఏడుకు తగ్గించాడు. ఈనెలు మందం చేయించాడు. రెండు రోజుల తర్వాత వెళ్తే ముద్ర సిద్ధంగా ఉంది. సబ్బు నీళ్లు, పాత పళ్ల బ్రష్ తీసుకుని గీతల సందుల్లో ఇరుక్కున్న రబ్బరు పొడినంతా నా ముందే కడిగాడు. రబ్బరుకూ చెక్కకూ మధ్య పలుచని స్పాంజి పొర అంటించాడు. రెండున్నర అంగుళాల పువ్వు, చెక్క పిడితో కలిపి 450 రూపాయలు. ఒత్తి చూస్తే రేకు అంచు ముడతలు ఒక్కటీ పోలేదు. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో కొన్న గాజులాంటి పారదర్శక ముద్రలు రెండేళ్లకే పసుపెక్కి గట్టిపడ్డాయి. స్పిరిటుతో తుడిస్తే ఇంకా పాడవుతాయి. ఈ రబ్బరుకు ఆ బాధ లేదు. పెద్దాయన పనికి నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.

చేతికాగితం గరుకు కదా, ముద్ర ఒత్తితే అక్కడక్కడ తెల్ల చుక్కలు మిగులుతాయి. కాగితం కింద పాత మౌస్ ప్యాడ్ పెట్టి, పిడిని అటూ ఇటూ ఊపకుండా రెండు అరచేతులతో నిలువుగా ఒత్తండి. మెత్తదనం ఉంటే రబ్బరు గుంటల్లోకి కూడా దిగుతుంది.

ఇంకు విషయంలో మాత్రం మొదట పొరపాటు పడ్డాను. ఇంట్లో ఉన్న మామూలు ఆఫీసు స్టాంపు ప్యాడుతో నల్లగా ముద్ర వేసి, ఆరిందనుకుని పసుపు మార్కర్ పెట్టాను. నలుపు కరిగి రేకులోకి పాకింది. అంతటితో పోలేదు, మార్కర్ మొన నలుపును పట్టుకుని తర్వాతి మూడు పువ్వుల్లోనూ బురద రంగు పూసింది. ఆ మొనను పిచ్చి కాగితం మీద రుద్ది రుద్ది మళ్లీ పసుపు తెప్పించడానికి పావుగంట పట్టింది. ఆల్కహాల్ మార్కర్లు వాడేవాళ్లకు మెమెంటో అనే జపాన్ ఇంకు ప్యాడు సరిపోతుంది, అందులో టక్సీడో బ్లాక్ అనే నలుపు. అది తెప్పించి, ముద్ర వేశాక పది నిమిషాలు ఆరనిచ్చాను. ఒక్క పువ్వులోనూ గీత చెదరలేదు. స్టేజాన్ లాంటి ద్రావకం ఇంకులు ప్లాస్టిక్ మీదికీ గాజు మీదికీ మంచివే గానీ, ఈ మార్కర్ల కింద వేస్తే కరుగుతాయి.

మార్కర్లు 48 రంగుల డబ్బా, 1350 రూపాయలు. రెండు మొనలు, ఒక వైపు బ్రష్‌లా వంగేది, ఇంకో వైపు ఉలిలా చదునైనది. డబ్బా తెరిచిన రోజే మూడు ఎండిపోయి ఉన్నాయి. అమ్మినవాళ్లకు ఫొటోలు పంపితే మొత్తం డబ్బా తిరిగి పంపమన్నారు తప్ప ఆ మూడూ మార్చి ఇవ్వలేదు. మిగతా 45 బాగా పనిచేస్తున్నాయి. మూత మీది రంగును అసలు నమ్మొద్దు. డబ్బాలో నాలుగు పసుపులు ఉన్నాయి. మూతలు చూస్తే మూడు తంగేడు రంగే, వేసి చూస్తే ఒక్కటే తంగేడు. ఒకటి నిమ్మకాయ, ఒకటి పసుపు కొమ్ము, ఒకటి లేత మామిడి చిగురు. అందుకే డబ్బా రాగానే ముందు ఒక కాగితం మీద అన్ని రంగులూ వేసి, పక్కన నంబరు రాసి పెట్టుకోండి.

ఈ మార్కర్లలో రంగు స్పిరిటులో కరిగి ఉంటుంది. స్పిరిటు ఎగిరిపోయి రంగు మిగులుతుంది. పైన ఇంకో రంగు వేస్తే కిందిది మళ్లీ కొంచెం కరిగి రెండూ కలిసిపోతాయి, గీతలు కనబడవు. రేకు మొత్తం లేత పసుపు వేసి, మొదట్లో ముదురు పసుపు రెండు గీతలు లాగి, తడి ఆరకముందే లేత పసుపుతో ఆ హద్దు మీద తిప్పండి. హద్దు మాయమవుతుంది. పొద్దున్నే కోసిన తంగేడు రేకులో కనిపించే ఆ లోతు అచ్చంగా వస్తుంది. ఇది చూసిన ప్రతిసారీ నాకు సంతోషమే. వాసన ఘాటు కాబట్టి కిటికీ తెరిచి పెట్టుకోండి. మార్కర్లను నిలబెట్టకుండా పడుకోబెట్టి దాచండి, అప్పుడు రెండు మొనలకూ రంగు సమానంగా అందుతుంది. జపాన్ కాపిక్ మార్కర్లకు రంగు మళ్లీ నింపుకోవచ్చు, మొన మార్చుకోవచ్చు. 1987 నుంచీ ఉన్న ఆ పేరుకు ఆ విలువ ఊరికే రాలేదు. ఈ డబ్బాలోవి అయిపోతే పారేయడమే, నాకది కష్టంగా ఉంటుంది.

ఇన్ని మంచివి చేతిలో ఉన్నా కాగితం రంగును తాగేస్తుంటే ఏం చేయాలి? నాన్నకు ఫోన్ చేశాను. ఆయన ఇప్పటికీ కాగజ్‌నగర్‌లోనే ఉంటాడు. 1942లో కాగితం తీయడం మొదలుపెట్టిన ఆ మిల్లు 2014లో ఆగిపోయి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చి మళ్లీ నడిచింది. ఆ నాలుగేళ్లూ మిల్లు గొట్టం నుంచి పొగ రాకపోతే రోజూ ఆకాశం దిక్కే చూసిన మనిషి ఆయన.

"నాలుకకు ఆగింది నాన్నా, మార్కర్‌కు ఆగుతలేదు."

"నీళ్లకు ఆగిందని స్పిరిటుకు ఆగుతదా బిడ్డా? మేం ల్యాబుల కాబ్ టెస్టు చేసెటోళ్లం. వంద చదరపు సెంటీమీటర్ల కాగితం మీద నీళ్లు పోసి, అరవై సెకన్లు ఉంచి, ఎంత తాగిందో తూకమేసి చూసుడు. అది నీళ్ల లెక్కనే. తడి ఇంకకుండ కాగితానికి పట్టించే సైజింగు మందు నీళ్లను దూరం కొడతది. స్పిరిటుకు ఆ భయం లేదు, ఏ సందు దొరికితె ఆ సందుల పాకుతది. సందులే మూసెయ్యాలె. స్పిరిటుల కరగని పొరెయ్యి."

"ఏం పొర?"

"గంజి."

ఆయన చెప్పుకుంటూ పోయాడు. వెనుకటి కాగితం పనివాళ్లు గంజి పూసి, ఆరాక నున్నటి రాయితో మెరుగు పట్టేవాళ్లట. నిజాం కాలంలో మన కోరుట్లలో చేతికాగితం చేసేవాళ్లు, పట్వారీల లెక్కల పుస్తకాలకు ఆ కాగితం పోయేది. కోరుట్లకు మా చిన్నమ్మ ఇంటికి ఎన్నిసార్లు పోయానో, ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

అన్నం వార్చిన గంజిని పలుచని గుడ్డలో వడగట్టి, గోరువెచ్చగా ఉండగానే వెడల్పు బ్రష్‌తో రెండు పూతలు పూశాను. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. సగం ఆరినప్పుడు మూలలు లేస్తాయి, అప్పుడు పాత నోటు పుస్తకాల కింద రాత్రంతా పెట్టాలి. తెల్లారి గవ్వ వీపుతో చిన్న చిన్న సున్నాలు చుడుతూ రుద్దాను. ఒక్క కార్డుకు ఐదు నిమిషాలు. గరుకు తగ్గి, వెలుతురుకు పడితే పట్టుబట్ట మడతలా సన్నని మెరుపు వచ్చింది. మళ్లీ అదే మార్కర్, అదే కందిగింజంత చుక్క. ఈసారి శనగగింజంత అయి ఆగిపోయింది.

అంటే పూర్తిగా ఆగలేదు. వెనక్కి కొంచెం దిగుతూనే ఉంది. రేకు అంచుకు గోరంత ముందే మార్కర్ ఎత్తేస్తే రంగు తనంతట తానే గీత దాకా వెళ్లి ఆగుతుంది. చిన్న పువ్వుకు ఇది చాలు. పెద్ద జాగా నింపాలంటే చాలదు. అందుకని నలభైలో పన్నెండు కార్డులకే నేరుగా గంజి కాగితం మీద రంగులేశాను. మిగతా వాటికి నున్నటి 250 జీఎస్ఎం కార్డు మీద ముద్ర వేసి, రంగులు నింపి, పువ్వును కత్తిరించి చేతికాగితానికి అంటించాను. చూసేవాళ్లకు రెండూ నచ్చాయి. నాకు మాత్రం ఆ పన్నెండే ప్రాణం. గంజి పూసిన కాగితానికి పురుగు పడుతుంది కాబట్టి, దాచే డబ్బాలో ఎండిన వేపాకు వేశాను. మార్కర్ రంగులు ఎండకు వెలిసిపోతాయి, కిటికీ పక్కన గోడకు పెట్టుకోవద్దని ఇచ్చేటప్పుడే అందరికీ చెప్పాను.

ఈ చేతికాగితం మళ్లీ కొంటాను, కార్డుకూ కవరుకూ దీన్ని మించింది లేదు. కానీ నేరుగా మార్కర్లు వేయడానికే అయితే కొనకండి. మార్కర్ల డబ్బా మళ్లీ కొనను, నచ్చిన పది రంగులు విడిగా కొనుక్కుంటాను. ముద్రకైతే హనుమకొండ వెళ్లాల్సిందే. బొమ్మను పెన్సిల్‌తో కాకుండా తెల్ల కాగితం మీద నల్ల పెన్నుతో గీసి తీసుకెళ్లండి. పండుగ దగ్గర పడితే పెద్దాయన దగ్గర రద్దీ ఉంటుంది, నెల ముందే వెళ్లడం మేలు. నేను మొన్న గునుగు పువ్వు గీసి పట్టుకెళ్లాను. వెంట్రుకల్లాంటి గీతలన్నీ చూసి ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇండ్ల సగం తీసెయ్యాలె బిడ్డా" అని వైట్‌నర్ సీసా నా ముందుకు జరిపాడు. అక్కడే స్టూలు మీద కూర్చుని సగం తీసేసి ఇచ్చి వచ్చాను.