ఆల్కో ఎస్-2 షంటింగ్ ఇంజిన్ మోడల్: ఏళ్ల తరబడి నడిపాక

షంటింగ్ ఇంజిన్ (యార్డులో వ్యాగన్లను అటూ ఇటూ జరిపే రైలు ఇంజిన్) మోడల్ కొనేవాళ్లు ముందు రంగు చూస్తారు. ఎంత నెమ్మదిగా నడుస్తుందో చూడమంటాను నేను. 1:87 స్కేలులో, సదరన్ పసిఫిక్ అనే అమెరికా రైల్వే కంపెనీ రంగుల్లో ఉన్న నా ఎస్-2 ఏళ్లుగా యార్డు పని చేస్తోంది, ఇప్పటికీ ఆ విషయంలో దానికి తిరుగులేదు. థ్రాటిల్ మొదటి మెట్టు మీద పెడితే పట్టాల కింది ఒక్కో స్లీపర్ దాటడం కంటికి తెలుస్తుంది. వ్యాగన్ దగ్గరికి వెళ్లి ఆనితే కప్లర్ (ఇంజిన్‌ని వ్యాగన్‌కి కలిపే కొక్కెం) టక్కున పట్టుకుంటుంది, వ్యాగన్ మాత్రం కదలదు.

అసలు ఇంజిన్లను ఆల్కో (అమెరికన్ లోకోమోటివ్ కంపెనీ) 1940 నుంచి 1950 వరకు అమెరికాలోని స్కెనెక్టడీలో 1,500కి పైగా తయారుచేసింది. ఆరు సిలిండర్లు, టర్బో, 1,000 హార్స్‌పవర్. డీజిల్ ఇంజిన్ జనరేటర్‌ని తిప్పుతుంది, ఆ కరెంటుతో నాలుగు ఇరుసుల మోటార్లు తిరుగుతాయి. ఆవిరి ఇంజిన్‌లా పని లేనప్పుడు కూడా నిప్పు కాపాడుకోవాల్సిన అవసరం లేదు. యార్డుల్లోకి డీజిల్ ముందుగా వచ్చింది అందుకే. శాంటా ఫే, న్యూయార్క్ సెంట్రల్, యూనియన్ పసిఫిక్ కూడా వీటిని కొన్నాయి. శాంటా ఫేవి నల్ల రంగు మీద తెల్లని జీబ్రా చారలు, సదరన్ పసిఫిక్‌వి నారింజ పులిచారలు. నాకు పులిచారలే ఇష్టం.

కొనేముందు చక్రాల ఫ్రేములు చూడండి. ఈ ఫ్రేములనే ట్రక్కులంటారు, ఎస్-2కి బ్లంట్ అనే రకం ట్రక్కులుండాలి. తర్వాత వచ్చిన ఎస్-4కి ఆ ట్రక్కులు ఉండవు, మిగతా బాడీ దాదాపు ఒకటే. ఎస్-2 పేరుతో ఎస్-4 ఫ్రేములు బిగించి అమ్మితే, రంగు ఎంత బాగున్నా వద్దనండి. పొగగొట్టం అడుగు వెడల్పుగా ఉందో లేదో కూడా చూడండి. టర్బో లేని ఎస్-1కి అది సన్నగా ఉంటుంది.

లోపాలూ ఉన్నాయి. మోడల్‌కి కరెంటు పట్టాల నుంచి చక్రాల ద్వారా అందుతుంది. పొట్టి ఇంజిన్ కదా, చక్రాలకు మురికి పడితే పాయింట్ల మీద (పట్టాలు చీలే చోట) ఆగిపోతుంది. కరెంటు తెగినా కాసేపు నడిపించే కీప్-అలైవ్ కెపాసిటర్ పెట్టించాక ఆ టెన్షన్ పోయింది. ప్లాస్టిక్ హ్యాండ్‌రెయిళ్లు మాత్రం పట్టుకుంటే చాలు, వంగిపోతాయి. ఎత్తేటప్పుడు ఫ్యూయల్ ట్యాంకు దగ్గర పట్టుకోండి.

సౌండ్ గురించి ఒక మాట. గుంతకల్లు, కాజీపేట షెడ్ల పక్కన పెరిగినవాళ్లు ఆల్కో అనగానే మన రైల్వేల డీజిల్ ఇంజిన్ డబ్ల్యూడీఎం-2 చప్పుడు ఆశిస్తారు. అందులోది పదహారు సిలిండర్ల 251 రకం డీజిల్ మోటారు, ఇందులోది 539 రకం. డెకోడర్ (మోడల్‌ని నడిపి, సౌండ్ ఇచ్చే చిప్) కొనేటప్పుడు 539 సౌండ్ ఫైలే అడిగి తీసుకోండి.