శ్రీకాకుళంలో డిగ్రీనా, అమెరికా క్రైస్తవ కాలేజీనా?

మా మేనకోడలు ఇంటర్ పాసైంది. ఎచ్చెర్ల అంబేద్కర్ యూనివర్సిటీ పరిధిలో డిగ్రీ చేయాలా, అమెరికాలో క్రైస్తవ కాలేజీకి వెళ్ళాలా అని ఇంట్లో ఒకటే చర్చ.

అమెరికాలో నాలుగేళ్ళు, సాధారణంగా 120 క్రెడిట్లు (చదివిన కోర్సులను లెక్కగట్టే యూనిట్లు). అందులో మూడో వంతు దాకా జనరల్ ఎడ్యుకేషనే. సైన్స్ పిల్లయినా చరిత్ర, సాహిత్యం చదవాలి. చాలా క్రైస్తవ కాలేజీల్లో బైబిల్ కోర్సులూ తప్పనిసరి. 1860లో మొదలైన వీటన్ కాలేజీ లాంటి చోట్ల చాపెల్‌కు, అంటే ప్రార్థన సమావేశాలకు, కూడా హాజరు కావాలి. మేజర్, అంటే ప్రధాన సబ్జెక్టు, మాత్రం వెంటనే తేల్చక్కర్లేదు. నాకు బాగా నచ్చింది ఇదే. పదిహేడేళ్ళ పిల్లకు జీవితమంతా ఏం చేయాలో అప్పుడే ఎలా తెలుస్తుంది?

ఇక్కడ మూడేళ్ళు, ఆనర్స్ కావాలంటే నాలుగు. మేజర్ తొందరగా ఎంచుకోవాలి, జనరల్ పేపర్లు తక్కువ. అయితే జనం మధ్యకు వెళ్ళి వాళ్ళ సమస్యలు తెలుసుకునే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంది. ఉద్దానంలో ఒక డిగ్రీ అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని ఇంటింటికీ తిరగడం చూశాను. తాగే నీళ్ళు ఎక్కడివి, కిడ్నీ జబ్బు ఎవరికైనా ఉందా అని అడిగి రాసుకుంటోంది. ఆ చదువు ఏ క్లాసులోనూ దొరకదు.

ఖర్చు భరించగలిగితే అమెరికాకే పంపమంటాను. అయితే ముందు ఆ కాలేజీ కేటలాగ్ (కోర్సుల వివరాల పుస్తకం) తెరిచి, బైబిల్ కోర్సులు ఎన్ని క్రెడిట్లో చూపించి, నీకిష్టమేనా అని పిల్లనే అడగాలి.