పాత పికప్‌కు అనంతపురం షెడ్లలో ‘ఫుల్ ఆయిల్ సర్వీస్’: దేనికి ఎన్ని మార్కులు

సెకండ్ హ్యాండ్‌లో కొన్న బొలెరో పికప్‌నో, అశోక్ లేలాండ్ దోస్త్‌నో తీసుకుపోయి “అన్నా, ఆయిళ్లన్నీ మార్చు” అంటే అనంతపురం హైవే పక్క షెడ్లలో ఒక పూటలో బండి చేతికిస్తారు. బిల్లు చూస్తే ఇంజిన్ ఆయిలు, ఆయిల్ ఫిల్టరు, గ్రీజు, మహా అయితే ఎయిర్ ఫిల్టరు ఉంటాయి. గేర్ బాక్సు, క్రౌను (వెనక యాక్సిల్ మధ్య గేర్ల గుండు), బ్రేక్ ఆయిలు, కూలెంటు (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మాత్రం “బాగానే ఉన్నాయిలే” అన్న ఒక్క మాటతో సరి. మొత్తం మీద ఈ సర్వీసుకు ఐదుకు మూడు. ఇంజిన్ ఆయిల్ పనికి నాలుగున్నర ఇవ్వొచ్చు, కూలెంటు పనికి ఒకటి కూడా ఎక్కువే.

ముందు మంచి సంగతి. ఇంజిన్ ఆయిల్ మార్చడంలో ఇక్కడి మెకానిక్‌లకు వంక పెట్టలేం. ఇంజిన్ కాస్త వేడెక్కాక చాంబర్ (ఇంజిన్ కింది ఆయిల్ తొట్టి) నట్టు విప్పుతారు, చుక్క ఆగేదాకా వదిలేస్తారు, కొత్త ఫిల్టర్ రబ్బరుకు ఆయిల్ రాసి చేత్తోనే బిగిస్తారు. నట్టు కింది రాగి వాషరు మాత్రం అడిగితే తప్ప మార్చరు. నలిగిపోయిన వాషరుతో ఆయిల్ కారుతుంటే నట్టును ఇంకా బిగిస్తారు, చాంబర్ మర చెడిపోయేది అక్కడే. కొత్త వాషరు మీరే కొని జేబులో పెట్టుకుపోండి.

ఒప్పుకోకూడని పని ఒకటుంది. లోపల మడ్డి పోవాలని పాత ఆయిల్ తీశాక డీజిల్ పోసి ఇంజిన్ ఆడిస్తామంటారు. డీజిల్‌కు బేరింగులను కాపాడే పొర ఉండదు. పైగా ఊడిన మడ్డి పోయి ఆయిల్ పంపు సక్షన్ జాలీకి అడ్డం పడుతుంది. దాని బదులు మంచి ఆయిల్ పోసి, రెండు మూడు వేల కిలోమీటర్లకే ఇంకోసారి ఫిల్టరుతో సహా మార్చడం మేలు. బీఎస్4 (2020 ఏప్రిల్‌కు ముందటి పొగ ప్రమాణం) డీజిల్ పికప్‌లకు ఎక్కువగా 15డబ్ల్యూ-40 చిక్కదనం, సీఐ-4 ప్లస్ నాణ్యత ఉన్న రకం సరిపోతుంది. రెండున్నర లీటర్ల ఇంజిన్‌కు ఆరు లీటర్లకు అటూఇటూ పడుతుంది. లెక్క చూసి పోయొద్దు, డిప్ స్టిక్ చూసి పోయండి. పాత ఆయిల్ నల్లగా ఉందని భయపడక్కర్లేదు, డీజిల్ ఇంజిన్‌లో కొత్త ఆయిల్ కూడా త్వరగానే నల్లబడుతుంది. మూత లోపల నీళ్లు కలిసినట్టు మజ్జిగ రంగు నురగ కనిపిస్తే ఆలోచించాలి. డిప్ స్టిక్ మీద మట్టం ఉండాల్సిన దానికంటే పైకి పోయి డీజిల్ వాసన కొడితే ఇంకా ఆలోచించాలి.

ఆయిల్ డబ్బా మీరే కొనుక్కుపోవడం మంచిది. మూత కింద రేకు సీలు చింపింది మీ ఎదుటే కావాలి. ఖాళీ డబ్బాలకు బొక్క పెట్టి పారేయండి. వాటిని కొనేవాళ్లు ఊరికే కొనరు.

ఇక కూలెంటు. రాయలసీమలో పాత బండి కొన్నవాళ్లు ముందు చూడాల్సింది ఇదే, షెడ్లలో అందరూ వదిలేసేదీ ఇదే. ఎండాకాలం నలభై డిగ్రీలు దాటే ఊళ్లలో, చీనీకాయల లోడుతోనో తాడిపత్రి నాపరాళ్లతోనో తిరిగిన బండి రేడియేటర్‌లో బోరు నీళ్లే ఎక్కువగా ఉంటాయి. దారిలో తగ్గినప్పుడల్లా దొరికిన నీళ్లు పోసుంటారు. ఇక్కడి నీళ్లలో ఉప్పులెక్కువ. వేణ్ణీళ్ల హీటర్ కాయిల్‌కు పట్టినట్టే రేడియేటర్ సన్నని గొట్టాల్లో తెల్లగా గడ్డ కడతాయి. మైదానంలో ఖాళీ బండికి తేడా తెలియదు, లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు లేస్తుంది.

షెడ్డులో చేసేది: కింద కుళాయి విప్పి నీళ్లు వదిలి, పైనుంచి ఒక లీటరు కూలెంటు, మిగతాది పైపు నీళ్లు. రేడియేటర్ ఖాళీ అయినా ఇంజిన్ బ్లాకులో పాత నీళ్లు అట్లే ఉంటాయన్నది మరిచిపోతారు. సరైన పద్ధతి ఇది. ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఖాళీ చేసి, మంచినీళ్లు నింపి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా, అంటే పై గొట్టం వేడెక్కేదాకా ఆడించి, చల్లారాక మళ్లీ వదలాలి. వచ్చే నీళ్లు తేటగా అయ్యేదాకా ఇదే పని. చివరిసారి డిస్టిల్డ్ వాటరుతో కడిగితే ఇంకా మంచిది. తర్వాత మాన్యువల్‌లో ఇచ్చిన మొత్తం కెపాసిటీలో సగం కాన్సన్‌ట్రేట్ (నీళ్లు కలపని చిక్కటి కూలెంటు) ముందు పోసి, ఆపైన డిస్టిల్డ్ వాటరుతో నింపాలి. బ్లాకులో మిగిలిన నీళ్లు లెక్కలో కలిసిపోయి సగం సగం పాళ్లు కుదురుతాయి. ముందే నీళ్లు కలిపిన రెడీ మిక్స్ డబ్బా కొని కడిగిన బండిలో పోస్తే పలచబడిపోతుంది. రంగు చూసి రకం తేల్చొద్దు. ఆకుపచ్చవన్నీ ఒకటి కావు. రేడియేటర్ క్యాప్ రబ్బరు ఎండిపోయుంటే క్యాప్ మార్చండి. ప్రెషర్ నిలవకపోతే ఎంత మంచి కూలెంటైనా ముందే మరుగుతుంది. పాత కూలెంటు నేల మీద పారబోయనివ్వొద్దు, తియ్యగా ఉంటుంది కాబట్టి కుక్కలూ పశువులూ నాకుతాయి, అది విషం.

గేర్ బాక్సుకు, క్రౌనుకు ఒకే డబ్బాలోంచి పోస్తారు, చిక్కంతా దాంతోనే. క్రౌనుకు జీఎల్-5 రకం గేర్ ఆయిల్ కావాలి. చాలా పికప్‌ల గేర్ బాక్సుకు మాన్యువల్ జీఎల్-4 చెబుతుంది, అక్కడ జీఎల్-5 పోస్తే గేర్లను సాఫీగా కలిపే ఇత్తడి సింక్రో రింగులు కాలక్రమంలో తినుకుపోయి గేర్లు గరగరమంటూ పడతాయి. రెండింటికీ తలా రెండు లీటర్లకు అటూఇటూ. ముందు పైన నింపే నట్టు విప్పగలిగాకే కింది నట్టు ముట్టుకోమనండి. పైది తుప్పుపట్టి రాకపోతే ఆయిల్ లేని బండి షెడ్డులోనే ఉండిపోతుంది. బండి సమంగా నిలిచినప్పుడు ఆయిల్ నింపే రంధ్రం అంచుదాకా రావాలి. ముందు భాగం జాకీ మీద లేపి నింపితే ఆ మట్టం తప్పు. నట్టు అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద ఉండటం మామూలే, గోరంత ముక్కలు దొరికితే అమ్మినాయనకు ఫోన్ చేయండి. క్రౌను హౌసింగ్ మీద బ్రీదరు (గాలి వదిలే రంధ్రం) మట్టితో మూసుకుపోతే లోపలి గాలి సీళ్లను తోసేస్తుంది, దాన్ని మాత్రం ఎవరూ తుడవరు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక 140కే మరగొచ్చు. కడప నుంచి రాయచోటి దారిలో గువ్వలచెరువు ఘాట్ లోడుతో దిగేవాళ్లకు ఈ అంకెలు ముఖ్యం. మరిగితే పెడల్ నేలకు పోతుంది. (ఘాట్ దగ్గర పాలకోవా కోసం ఆగితే చక్రాల వేడి కూడా చూసుకోండి, డ్రమ్ము ముట్టుకోకుండా.) మార్చేటప్పుడు ఒక లీటరు సీలున్న డబ్బా చాలు. వెనక ఎడమ, వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి, ఈ వరసలో తేట ఆయిల్ వచ్చేదాకా బ్లీడింగ్ (గొట్టాల్లోంచి పాత ఆయిల్, గాలి బయటికి తీయడం). రెండు జాగ్రత్తలు. వెనక యాక్సిల్‌కు లోడు వాల్వు (బరువును బట్టి వెనక బ్రేకులకు ఆయిల్ వదిలేది) ఉన్న బండిని చక్రాలు గాలిలో వేలాడేలా లేపితే, అది ఖాళీ బండనుకుని వెనక బ్రేకులకు ఆయిల్ సరిగ్గా పోనివ్వదు. పాత మాస్టర్ సిలిండర్ ఉంటే పెడల్ నేలదాకా తొక్కకుండా కింద చెక్క ముక్క పెట్టాలి, లోపలి పిస్టన్ తుప్పు పట్టిన భాగంలోకి పోతే రబ్బరు చిరుగుతుంది. ఇవి తెలిసిన మెకానిక్ దొరికితే వదలొద్దు, బేరమాడొద్దు.

స్టీరింగ్ ఆయిల్ చాలా వాటికి ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్సుల్లో వాడే ఆయిల్), కాలిన వాసన వస్తే మార్చండి. డీజిల్ ఫిల్టరు మార్చి హ్యాండ్ పంపుతో గాలి తీయడం ఇక్కడ పిల్లకాయలు కూడా బాగా చేస్తారు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్6 బండిలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టరు) ఉంటే తక్కువ బూడిద రకం ఆయిలే పోయాలి, పాత రకం పోస్తే డీపీఎఫ్ త్వరగా మూసుకుపోతుంది. వాటికి షెడ్డు కంటే షోరూమే మేలు, ఖర్చెక్కువైనా.

సర్వీసు అయిన రాత్రి బండి కింద అట్టముక్కలు పరచి పెట్టండి. నల్లటి చుక్క ఇంజిన్‌ది, ఎర్రటిది స్టీరింగ్‌ది, చిక్కగా గంధకం వాసన కొట్టేది గేర్‌దో క్రౌన్‌దో, పచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంటు. ఇవి షెడ్డుకు తీసుకుపోయి బిగించుకోవచ్చు. చక్రం లోపలివైపు తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావొచ్చు, అప్పుడు మాత్రం బండి కదపకుండా మెకానిక్‌నే ఇంటికి పిలిపించుకోండి.